ఆ ప్రమాణం ఏ పార్టీది?

ఈమధ్య మా వార్డు నాయకుడి సన్మానానికి అచ్చువేసిన పుస్తకమొకటి నా చేతికొచ్చింది. అందులో ఆయన్ని పార్టీల మధ్య వారధి అన్నారు. కౌన్సిల్ పడిపోకుండా త్యాగాలు చేశాడన్నారు. ఆ పేజీ చదివాక నాకు అన్నం సహించలేదు. ఆ రోజులు చూసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఉన్నవాళ్లం కూడా నోరు మూసుకుంటే రేపటికి ఆ పుస్తకమే నిజమైపోతుంది. అందుకే రాస్తున్నాను.

డెబ్భైల్లో నేను పోర్టులో ఓడల సరుకు మోసే కళాసీని. ఊళ్లో ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. కంచరపాలెం వచ్చాక గ్రంథాలయం దొరికింది. షిఫ్టు దిగి, ఒళ్లు కడుక్కుని, నేరుగా అక్కడికే పోయేవాణ్ని. పార్లమెంట్ల గురించి అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను. అర్థం కానివి మళ్లీ చదివాను. ఎవరికీ మెజారిటీ రాని దేశాల్లో పార్టీలు వారాల తరబడి కూర్చుని, ఏ పని ముందు చెయ్యాలో తేల్చుకుని, రాసుకుని, ఆ తర్వాతే ప్రభుత్వం ఏర్పాటు చేస్తాయని తెలిసినప్పుడు నాకు ముచ్చటేసింది. మనుషులు ఇంత పద్ధతిగా పోట్లాడుకోగలరా అనిపించింది.

పొద్దున టీ బడ్డీ దగ్గర పేపరు పైకి చదివి వినిపించేవాణ్ని. ఢిల్లీలో నిన్న కలిసిన పార్టీలు ఇవాళ విడిపోతున్న రోజులవి. నేను చెప్పే అర్థాలకు గిరాకీ ఉండేది. "లైబ్రరీ బావ సెప్తన్నాడు, ఇనండర్రా" అనేవారు. నాకది గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

మా పేటకు కొళాయి లేదు. ఉన్న కొళాయి రైలు పట్టాల అవతల. పట్టాల మీద గూడ్సు బండ్లు గంటల కొద్దీ ఆగి ఉండేవి. బండి చుట్టూ తిరిగి వెళ్తే అక్కడికి చేరేసరికి నీళ్లు ఆగిపోయేవి. అందుకని ఆడవాళ్లు బిందెను ముందుకు తోసి, పెట్టెల కిందనుంచి పాకి, అవతల లేచేవారు. తిరిగొచ్చేటప్పుడు నిండు బిందెతో అదే పని. నాకు షిఫ్టు లేని పూట నేను వెళ్లేవాణ్ని. తక్కిన పూటలన్నీ మా అప్పవి. మావైపు అక్కను అప్ప అంటాం. ఆమె నీళ్లకు వెళ్లినప్పుడు నేను ఇంట్లో ఉంటే, ఇంజను కూత వినబడగానే చదువుతున్న పేజీ అక్కడే ఆగిపోయేది.

ఎనభైల్లో నగర కౌన్సిల్ ఎన్నికలొచ్చాయి. ఇప్పుడా సన్మానం పుస్తకంలో ఉన్నాయనే, అప్పట్లో మా పేటలో వెల్డింగు షాపు నడిపే మనిషి, ఒక చిన్న పార్టీ తరఫున నిలబడ్డాడు. కొళాయి తెస్తానన్నాడు. గెలిపించాం. పెద్ద పార్టీలు రెండూ సగం సీట్లు దాటలేదు. మావాడి పార్టీ ఎటు ఒరిగితే అటు గద్దె.

ఇదే అదను అన్నాను నేను. మద్దతు ఇచ్చేముందే కొళాయి షరతు రాయించి, అన్ని పార్టీల చేతా సంతకాలు పెట్టించాలన్నాను. పోర్టులో పనిచేసి దిగిపోయిన ఒక ముసలాయన మా పేటకు పెద్ద. ఆయన టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు.

"కాయితం ఏటి సేత్తాదిరా బావా? అమ్మోరి ముందు కర్పూరం ఆర్పించు. ఇంకాడు తప్పుకోలేడు."

అందరికీ అదే నచ్చింది. మావైపు మనిషిని నమ్మాలంటే అమ్మవారి ముందు వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పిస్తారు. మావాడు గుడికి వచ్చాడు. "మా పార్టీ ఎవులికి మద్దతిచ్చినా ముందు కొళాయి, తరవాతే ఏదైనా" అని గట్టిగా పలికి, మంట మీద చెయ్యి పెట్టాడు. మా అప్ప కొంగుతో కళ్లొత్తుకుంది.

మర్నాడు కారొచ్చి అతన్ని క్యాంపుకు తీసుకెళ్లింది. గెలిచినవాళ్లను ఓటింగు దాకా ఎక్కడో లాడ్జిలో దాచి, మేపి, ఎవరి కంటా పడకుండా కాయడాన్ని క్యాంపు అంటారు. నేను చదివిన పుస్తకాల్లో చర్చలుండేవి. ఇక్కడ బిర్యానీ పొట్లాలు ఉన్నాయి. తిరిగొచ్చేసరికి మావాడి మెడలో పెద్ద పార్టీ కండువా ఉంది, చేతిలో కమిటీ పదవి ఉంది. కొన్నాళ్లకు పైపుల లారీ వచ్చింది. మా పేట దాటి, అప్పటికే కొళాయిలున్న వీధిలో, ఆ పార్టీ పెద్దమనిషి ఇంటి ముందు దించింది.

ఆడవాళ్లు మావాణ్ని బడ్డీ దగ్గర పట్టుకున్నారు.

"ఏటి తమ్ముడూ, కర్పూరం ఆర్పినావు గదా. కొళాయేదీ?" అంది మా అప్ప.

"ఆర్పలేదని నానన్నానేటి అప్పా? మా పార్టీ మద్దతిత్తే అన్నాను. మా పార్టీ ఇయ్యలేదు. నాను పార్టీ మారి ఇచ్చాను. ఆ పెమాణం ఆ పార్టీది."

"పార్టీ మారితే మారింది. సెయ్యి కూడా మారిందేటి?"

అందరూ నవ్వారు. అక్కడితో అతను సిగ్గుపడతాడనుకున్నాను. కానీ మా ముసలాయన తల గోక్కుని, "ఆడన్నదీ నిజమేనర్రా. మాట పార్టీ మాటే గానీ మడిసిది కాదు" అన్నాడు. ఇంకొకడు, "అయితే ఆ పార్టీలో మిగిలినోడ్ని పట్టుకుందాం" అన్నాడు. అమ్మవారి ప్రమాణం మనిషిని పట్టుకుంటుందా, జెండాను పట్టుకుంటుందా అని రోజుల తరబడి వాదించుకున్నారు. నన్నూ అడిగారు. మనిషినే, ఓటు వేసింది మనిషికే అన్నాను. "నీ పుస్తకాల్లో అమ్మోరు ఉంటాదేటి బావా?" అని నా నోరు మూయించారు. అతని ఫిరాయింపు కన్నా, దానికి మావాళ్లు వెతికిపెట్టిన న్యాయం నాకు ఎక్కువ వెగటు పుట్టించింది.

ఏడాది తిరక్కుండా పదవుల దగ్గర పేచీ వచ్చి ఆ పొత్తు చెడింది. గద్దె రెండో పెద్ద పార్టీకి పోయింది. మావాడు పాత కండువా వేసుకుని పాత పార్టీకి వచ్చేశాడు. ప్రమాణం మళ్లీ అమల్లోకి వచ్చిందని పేటంతా సంబరపడింది. అడగడానికి వెళ్తే అతను దండం పెట్టి, "పెమాణం ఉంది, కాదన్లేదు. గానీ ఇప్పుడు మాది పెతిపక్షం. మద్దతిత్తే అన్నాను గానీ ఎదిరిత్తే అన్లేదు గదా" అన్నాడు.

ఆ వానాకాలంలోనే, మా అప్ప నిండు బిందెతో పెట్టె కింద ఉండగా బండి కదిలింది. మనిషి దక్కింది. ఎడమ కాలి వేళ్లు పోయాయి.

ఆసుపత్రికి మావాడు వచ్చాడు. వెనకే, అతన్ని క్యాంపుకు తీసుకెళ్లిన పార్టీ పెద్దమనిషీ వచ్చాడు. ఇద్దరి చేతుల్లోనూ బత్తాయిలు. మంచానికి ఈ పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు నిలబడ్డారు. తమ పాలన నిలబడి ఉంటే కొళాయి పడేదని పెద్దమనిషి అన్నాడు. వీళ్లు పడనిచ్చారా అని మావాడన్నాడు. రోగిమీదుగా గొంతులు లేచాయి.

"మీరిద్దరూ కలిసున్నప్పుడేటి సేసారు బాబూ?" అంది అప్ప నీరసంగా. "పళ్లొద్దు. గుక్కెడు మంచినీళ్లుంటే ఇయ్యండి."

ఇద్దరూ చెరొక మనిషిని బయటికి తరిమారు. చెరొక సోడా వచ్చింది. అప్ప ఏదీ ముట్టలేదు. వార్డు ఆయా గ్లాసుతో నీళ్లు తెచ్చి తాగించింది.

పుస్తకాలు నాకు అబద్ధం చెప్పాయని నేననను. పార్టీలు కలవడం తప్పు కాదు, విడిపోవడమూ తప్పు కాదు. ఎవరికోసం కలిశారో వాళ్లను బండి కింద వదిలేసి, కలిసినందుకు ఒకసారి, విడిపోయినందుకు ఒకసారి దండలు వేయించుకోవడం నీచం. అది రాయడానికి నాకు ఇంతకన్నా మర్యాదైన మాట దొరకలేదు.

సాయపడినవాళ్ల పేర్లు రాసి కృతజ్ఞతలు చెప్పమని మా ఇంట్లో అన్నారు. పేర్లు రాస్తే ఏదో ఒక పార్టీ వాళ్లను తన ఖాతాలో వేసుకుంటుంది. కాబట్టి పేర్లు లేకుండానే చెప్తున్నాను. తలుపులు మూసే వేళైనా నా పేజీ అయ్యేదాకా ఆగిన గ్రంథాలయం ఆయనకు నమస్కారం. ఆ గ్లాసెడు నీళ్ల ఆయాకు నమస్కారం. మా అప్ప కాలు మానేదాకా రోజూ మా గుమ్మంలో నిండు బిందె దించి వెళ్లిన పేట ఆడవాళ్లకు నమస్కారం. వాళ్లు కూడా ఆ నీళ్లు పెట్టెల కిందనుంచే తెచ్చారు.