రాజావారి పెట్టెలో ఒక మధ్యాహ్నం

మా చిన్నప్పుడు నానీ ఇంట్లో నేను తాకకూడని వస్తువు ఒకటుండేది... రాజావారి ప్రయాణాల పెట్టె.

నానీ అంటే మా అమ్మకు అమ్మ. చిట్టమూరు దగ్గర పల్లెలో ఒక్కతే ఉండేది. అమ్మ పోయాక నాన్న నన్ను ఆవిడ దగ్గర వదిలి మళ్ళీ లారీ ఎక్కాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు.

నానీ మామగారు రాజావారి గుర్రాలకు జీన్లు కుట్టేవారట. దివాణం మూతపడ్డ రోజుల్లో ఆ పెట్టె ఆయనకిచ్చి పంపించేశారట. పైన దళసరి తోలు, మూలలకు ఇత్తడి రేకులు, మూత మీద సగం చెరిగిన రాజముద్ర... లోపల ఎర్ర ముఖమల్. తాళంచెవి ఎప్పుడో పోయింది. మూత పడితే గొళ్ళెం దానంతటదే పట్టేస్తుందని, సందులో ఎప్పుడూ ఒక చెక్కముక్క పెట్టి ఉంచేది నానీ.

ఆవిడ పెద్దగా మాట్లాడేది కాదు. పొద్దస్తమానం పాత చీరలతో బొంతలు కుట్టుకునేది. శుక్రవారం వస్తే మాత్రం కొబ్బరినూనె గుడ్డతో ఆ పెట్టెను ఎంత ప్రేమగా తుడిచేదో... నా తల దువ్వేటప్పుడు ఆ చెయ్యి అంత మెత్తగా ఉండేది కాదు.

ఓసారి చెన్నై నుంచి పాత సామాన్లు కొనే ఆయన కారులో వచ్చాడు. ఎంత బతిమాలినా నానీ ఒప్పుకోలేదు.

"అది మా ఇంటి మర్యాద సామీ. అమ్మేది లేదు" అంది.

ఈవిడకు నాకన్నా పెట్టే ఎక్కువ అని ఆ రోజే నా మనసులో పడిపోయింది...

వేసవి సెలవులు. తోటి పిల్లలంతా మేనమామల ఊళ్ళకు పోయారు. నాన్న వస్తానన్న రోజు దాటిపోయింది. ఒక మధ్యాహ్నం చెక్కముక్క తీసేసి పెట్టెలో దూరాను... నానీ నన్ను వెతుకుతుందో లేదో చూద్దామని. మూత చెయ్యి జారింది. టక్కుమంది.

చీకటి... చిరిగిన తోలు సందులోంచి సన్నటి గాలి. ఎంత తన్నినా మూత కదల్లేదు.

"షమీమ్! యాడుండావు మే?"

ఎప్పుడూ గొంతెత్తని మనిషి వీధి చివరిదాకా పిలుచుకుంటూ పోయింది. తిరిగొచ్చేసరికి నా అరుపు మూలుగైపోయింది. అదే విన్నట్టుంది... పెట్టె దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"కళ్ళు మూసుకో మే! తల అవతలి పక్కకి పెట్టుకో!"

గొడ్డలి దెబ్బ. ఇంకొకటి. ఇత్తడి గొళ్ళెం ఊడిపడింది. రాజముద్ర నిలువునా చీలిపోయింది. నన్ను బయటికి లాగి ఒళ్ళో వేసుకుంది.

"పెట్టె పగిలిపోయింది నానీ..." అన్నాను ఏడుస్తూ.

"పోతే పోనీ మే. నువ్వుండావు గదా... నాకింకెవరుండారు?"

ఆ ఇంట్లో ఒంటరిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను అప్పటిదాకా... 

సామాన్ల ఆయన మళ్ళీ వచ్చాడు. చీలిన మూత చూసి, ఇచ్చిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. నానీ నవ్వింది. ఆ రోజు నుంచి నేనెక్కడికి పోయినా గంటకోసారి నా పేరు పెట్టి పిలిచేది... ఊరికే, పలుకుతానో లేదోనని.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నెల్లూరులో ఒక అపార్ట్‌మెంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నాను. ఆదివారమంతా తలుపు తీయకపోయినా అడిగేవాళ్ళు లేరు. ఫోన్లో ఆన్‌లైన్ అని కనిపిస్తే చాలు... బాగున్నట్టే లెక్క.

మీ కోసం వీధంతా కేకలేసుకుంటూ తిరిగిన మనిషి ఎవరు? వాళ్ళింకా ఉంటే... ఇది చదవగానే ఒక్కసారి పలకండి.