క్యాలెండరు చేపలు

స్కూటర్ జారి కుడి పాదంలో ఎముక విరిగినప్పుడు నేను ఆరు వారాలు బందరులో మా ఇంట్లోనే ఉండిపోయాను. మా ఆవిడ గుడివాడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఏడింటి బస్సుకు వెళ్తే సాయంత్రానికి గానీ రాదు. ఇన్నేళ్ళూ ఆఫీసుకు పోయి వచ్చే నాకు, పగటిపూట మా ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. పదింటికి ఎండ వరండాలో ఎంతవరకు వస్తుందో కూడా అప్పుడే చూశాను.

తోచక ఫోన్‌లో వీడియో చూస్తూ కాగితాలు మడవడం మొదలుపెట్టాను. పాత క్యాలెండర్లు అటక మీద బోలెడు ఉన్నాయి. వాటి వెనకవైపు నున్నగా, తెల్లగా ఉంటుంది. మూడుసార్లు మడతలు ఊడిపోయాక నాలుగోసారి ఒక చేప కుదిరింది. దారం కట్టి కిటికీ ఊచకు వేలాడదీశాను.

మా వీధికి గిలకలదిండి నుంచి చేపలు తెచ్చే ఒకావిడ ఉంది. అరవై దాటి ఉంటాయి. మామూలుగా ఆదివారాలే మా గుమ్మం ముందు ఆగుతుంది. ఆ రోజు తలుపు తెరిచి ఉండటం చూసి చేపల గిన్నె మెట్టు మీద దించింది. నా కాలి సంగతి అడిగి, కిటికీ వైపు చూసింది.

"అదేంటి బాబుగారూ?"

"చేప, అక్కా. కాగితంతో చేశాను."

"చేపేలెండి. ఏం చేప?"

యాభై ఏళ్ళుగా చేపలు తింటున్నాను, చేసింది ఏ చేపో చెప్పలేకపోయాను. పట్టుదల పుట్టి, మర్నాటికల్లా చందువా ఒకటి కత్తిరించి చూపించాను.

"చందువాకి మెడెక్కడిదండీ?" అంది నవ్వకుండానే.

ఆ మాటతో గిన్నెలోంచి ఒక చందువా తీసి నా కాగితం మీద పడుకోబెట్టింది. నేను పెన్సిల్‌తో చుట్టూ గీశాను. చేప తీశాక తడి మరక, గీత పక్కపక్కన కనిపించాయి. తోకలో కింది పాయ పైదానికన్నా పొడుగ్గా ఉంది. నిజమేనా, నా చెయ్యి జారిందా అని ఇంకో చందువా పెట్టించాను. దానికీ అంతే.

"ఎందుకలా ఉంటుంది?"

"నేనమ్మేదాన్నండీ, చేసినదాన్ని కాదు," అంది. అని, కత్తెర ఇటివ్వమంది.

ఆవిడ ముందేమీ గీసుకోలేదు. తోక దగ్గర మొదలుపెట్టి, కత్తెర కదలకుండా కాగితాన్నే తిప్పుతూ ఒక చేప తీసింది. అది చందువా కాదు. సన్నటి మూతి, వీపు మీద చిన్న రెక్క. ఎన్నడూ చూడలేదన్నాను.

"ఇప్పుడు పడట్లేదండీ. నా చిన్నప్పుడు తట్టలకి తట్టలు వచ్చేది," అంది. కాసేపు దాన్నే చూసింది. "వీపు మీద రెక్క ఒకటా, రెండా? మా ఆయన్ని అడగాలి."

ఆ కాగితాన్ని మడిచి రొంటిన దోపుకుని వెళ్ళింది. రెండు రోజులు రాలేదు. నాకు ఆ రెక్కల సంగతి తేలక నిద్ర సరిగా పట్టలేదంటే మా ఆవిడ నమ్మలేదు.

మూడో రోజు వచ్చి చెప్పింది. వాళ్ళాయన సముద్రం మీద వేటకు వెళ్ళడం మానేసి నాలుగేళ్ళయిందట. ఇంట్లో మాటే తక్కువట. కాగితం చూడగానే తప్పన్నాడట, రెండు రెక్కలన్నాడట. పక్కింటాయన ఒకటే అన్నాడట. పొద్దుగూకేదాకా పక్కింటి అరుగు మీద ఇద్దరూ వాదించుకున్నారట.

"అన్నం కూడా అక్కడికే తెమ్మన్నాడండీ. ఇంకో నాలుగు కాగితాలు ఇవ్వండి."

కట్టు విప్పాక మా ఆవిడతో కలిసి ఆటోలో వాళ్ళింటికి వెళ్ళాను. క్యాలెండర్లు నాలుగు పట్టుకెళ్ళాను. పెద్దాయన చాప మీద కూర్చుని ఉన్నాడు. ఎదుటి గోడకు అన్నం మెతుకులతో అంటించిన తెల్లటి చేపలు, పదిదాకా. ఒక్కోదానికి పేరు చెప్పాడు. రెక్కల చేపకు ఆయనొక పేరు, ఆవిడొక పేరు చెప్పారు.

"రెండేనా రెక్కలు?" అని అడిగాను.

"రెండే. ముందుది ముల్లు, వెనకది మెత్తన. ముల్లు గుచ్చుకున్నోడికి తెలుస్తది," అని బొటనవేలు చూపించాడు. పాత మచ్చ ఉంది. మా ఆవిడ వంగి దగ్గరగా చూసింది.

ఆయన మా క్యాలెండరులోంచి ఒక కాగితం చింపుకుని, మడత పెట్టకుండా, ఎటు నుంచి కత్తిరించాలా అని తిప్పి తిప్పి చూస్తున్నాడు. మేము పక్కనే కూర్చున్నాం.