కన్ను పెట్టని పిట్టలు

ఆ పొద్దున వరండాలో బల్ల మీద టేపు వేసి ఉంచిన కాగితాన్ని వేలి వెనక వైపుతో తాకి చూశాను. ఇంకా చల్లగా ఉంది. చల్లగా ఉంటే లోపల తడి ఉన్నట్టు. రెండు రోజులుగా ముసురు. టేపు తీయకుండా వదిలేసి తల ఎత్తేసరికి గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. జడ వేసుకోలేదు. చేతిలో పాలగిన్నె ఖాళీగా ఉంది.

"నాయన పోయినాడు పాపా," అంది. "టీ ఇద్దామని లేపితే లేయలేదు."

అక్క మా వీధిలోనే నాలుగిళ్ల అవతల ఉండే టైలరు. వాళ్ల నాయనను నేను తాతా అని పిలిచేదాన్ని. ఆళ్లగడ్డలో నలభై ఏళ్లు రాతి విగ్రహాలు చెక్కారు. చివరి మూడేళ్లు నంద్యాలలో కూతురి ఇంట్లో ఉండి, నాతో కలిసి గ్రీటింగ్ కార్డులకు నీటిరంగులు వేశారు. గుళ్లో విగ్రహం మీద శిల్పి పేరు ఉండదు. కార్డు వెనక కూడా ఆయన పేరు రాయనివ్వలేదు. అందుకని పేరు లేకుండానే, ఆయన గురించి నాకు తెలిసినంత మటుకు ఇక్కడ రాస్తున్నాను.

ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుందని, ఇక ఉలి ముట్టుకోవద్దని నంద్యాల డాక్టరు చెప్పారట. రోజూ కాస్త నడవమని కూడా చెప్పారు. ఇంట్లోంచి బయలుదేరి మా గేటు దాకా వచ్చేసరికి ఆయనకు ఆయాసం వచ్చేది. గేటు పట్టుకుని నిలబడేవారు. నేను వరండాలో క్రిస్మస్ కార్డులు వేసుకుంటూ ఉండేదాన్ని. మా చర్చిలో తెలిసినవాళ్లకు ఏటా చేత్తో చేసి ఇస్తాను. కార్డు చేతికిస్తే ఎక్కువ మాట్లాడే పని ఉండదు. అలా ఒక నెలంతా ఆయన గేటు బయట, నేను లోపల. ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు.

ఒక రోజు ఆయనే అన్నారు. "కాగితం లేస్తాంది పాపా."

నిజమే. మామూలు చార్టు మీద నీళ్లు ఎక్కువై అప్పడంలా పైకి లేచింది. నేను తల ఊపి, పావురం రెక్క మీద తెల్లరంగు వేయడానికి ట్యూబు మూత తీశాను.

"ఆ తెలుపు ఎందుకు?"

"పావురానికి, తాతా."

"తెలుపు ఆడనే ఉండాది గదా. దాని సుట్టూ వెయ్. దాన్ని ముట్టొద్దు."

నీటిరంగుల్లో తెలుపంటే వదిలిపెట్టిన కాగితమేనని నేను పుస్తకంలో చదివాను. చదివి కూడా ట్యూబు కొనుక్కున్నాను. ఆయన అప్పటికి కుంచె పట్టి ఎరుగరు. మర్నాడు ఆయన గేటు దగ్గరికి వచ్చేసరికి వరండాలో ఇంకో కుర్చీ వేసి ఉంచాను.

పద్ధతులు నేను చెప్పాను. కాగితం నాలుగు వైపులా టేపు వేసి బిగించడం, ముందు నీళ్లు పూసి ఆ తడి మీద రంగు వదలడం, కుంచె కడగడానికి ఒక గ్లాసు, మంచి నీళ్లకు ఇంకో గ్లాసు. మా బోరు నీళ్లతో వేస్తే ఆరాక తెల్లటి చార వస్తుంది, అందుకని క్యాను నీళ్లే వాడాలి. మందపు కాగితం హైదరాబాదు నుంచి తెప్పించుకునేవాళ్లం. బొమ్మ విడిగా వేసి, పూర్తిగా ఆరాక మడిచిన కార్డు మీద రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించాలి. జిగురు పూస్తే మళ్లీ తడి తగిలి కార్డు వంకర పోతుంది. ఇవన్నీ ఆయన ఒక్కసారి విని గుర్తుపెట్టుకున్నారు. కార్డు మడతకు గీత లాగడానికి మాత్రం నా స్కేలు వద్దన్నారు. ఆళ్లగడ్డలో తను విగ్రహాలు చెక్కిన షెడ్డులోంచి తెచ్చుకున్న ఒకే ఒక్క పనిముట్టు, అరిగిపోయిన చిన్న ఉలి, సంచిలోంచి తీశారు. దాని మొండి అంచుతో ఒక్కసారి లాగితే మడత తాళపత్రంలా తిన్నగా పడేది.

మొదటి వారం ఒక తప్పు చేశారు. పిట్ట మెడ దగ్గర రంగు వేసి, తల వంచి ఉఫ్ అని ఊదారు. చెక్కినచోట దుమ్ము పోయేలా ఊదడం ఆయనకు నలభై ఏళ్ల అలవాటు. తడిరంగు చెదిరి కాగితం మీద ముళ్లకంపలా పాకింది. దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక దాన్నే చూస్తూ, "కొమ్మ అయింది. బాగుండాది, ఉండనీ," అన్నారు. ఆ తర్వాత మా కార్డుల్లో కొమ్మలన్నీ ఊదినవే. ఆయన రంగు చుక్క వేస్తే నేను ఊదేదాన్ని.

రంగు తడిలో పాకుతున్నప్పుడు నా చెయ్యి ఆగదు, సర్దాలనిపిస్తుంది. ఆయన నా కుంచె పట్టుకుని ఆపేవారు. "ఇప్పుడు మన పని లేదు. దాని పని అది చేసుకుంటాంది. సూస్తాండు." తడి మీద రాళ్లుప్పు చల్లితే పడే పొడల్ని చూసి మాత్రం చిన్నపిల్లవాడిలా నవ్వారు. "ఇది మా నల్లరాయే."

బొమ్మ ఆయనది, లోపలి మాట నాది. కొన్నాళ్లకు కార్డులు కొనేవాళ్లు కూడా వచ్చారు, బేరం ఎవరు మాట్లాడాలన్నది ఇద్దరికీ ఇబ్బందే. "నాకు ఊపిరి లేదు, నీకు నోరు లేదు," అన్నారు ఒకసారి. "మంచి యాపారస్తులం దొరికినాం."

ఆయన వేసినవన్నీ పిట్టలే. ఏ పిట్టకూ కన్ను పెట్టేవారు కాదు. మరిచిపోయారేమోనని మొదట్లో నేను అడిగాను. విగ్రహానికి కళ్లు చివర్న తెరుస్తారని, ప్రతిష్ఠ దాకా అది రాయేనని చెప్పారు. కార్డు ఎవరికి వెళ్తుందో తెలిశాకే ఆయన పిట్టకు కన్ను పెట్టేవారు. అంతవరకు అవి రేకు డబ్బాలో గుడ్డివిగానే ఉండేవి.

మా అమ్మ తన స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ రిటైర్మెంటుకని ఒక కార్డు అడిగింది.

"ఎట్లాంటి మనిషి?" అన్నారు తాత, సన్న కుంచె తడుపుతూ.

"పరవాలేదు," అంది అమ్మ.

"పరవాలేదంటే?"

"సెలవు అడిగితే ఇయ్యదు. ఇచ్చినా మొహం మాడ్చుకోని ఇస్తాది."

తాత తల ఊపి కన్ను పెట్టారు. పిట్ట పక్కకు తిరిగి ఎవరినో అనుమానంగా చూస్తున్నట్టు వచ్చింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ హెడ్‌మిస్ట్రెస్ దాన్ని ఇంట్లో షోకేసులో పెట్టుకున్నారని తర్వాత తెలిసింది.

నేను ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు స్కూల్లో లైబ్రరీ చూసుకుంటాను. రోజూ బస్సులో వెళ్లి వస్తాను. బస్సు దిగి స్కూలుకు నడిచే దారిలోనే తాత పనిచేసిన షెడ్డు ఉంది. ఇప్పుడు ఆయన కొడుకు నడుపుతున్నాడు. ఒక సాయంత్రం తాత నాకు ఒక కార్డు ఇచ్చి, "మా వానికి ఇచ్చిరా," అన్నారు. పిట్టకు కన్ను లేదు. లోపల ఏమీ రాయలేదు.

"ఏం రాయమంటారు తాతా?"

"ఏం వద్దు."

"కన్ను?"

"వానికి కావల్లంటే అడుగుతాడు. అప్పుడు పెడ్తా."

సంగతేమిటో అక్క చెప్పింది. డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజే తాత షెడ్డుకు పోయి, గిరాకీల ముందే కోత మిషను ఆపేశారట. నీళ్లు పెట్టి కొయ్, దుమ్ము లేవదు, పొడిగా కొయ్యొద్దు, నా గతే నీకూ పడ్తాది అన్నారట. కొడుకు మిషను మళ్లీ వేశాడు. "నలభై ఏండ్లు నువ్వు తిన్న దుమ్మే గదా నాయనా. అప్పుడు నీళ్లు యాడబోయినాయి?" అన్నాడట. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. తాత నంద్యాలకు వచ్చేశారు. కొడుకు వయసు ముప్పై నాలుగు. అప్పటికే పొద్దున పూట దగ్గుతున్నాడని అతని భార్య ఫోన్లో చెబితే అక్కకు తెలిసింది. తాతకు చెప్పలేదంది. కానీ తాత నన్ను వారానికోసారి అదే అడిగేవారు. "మిషను పొడిగానే పెడ్తాండాడా?" నేను అవునని తల ఊపేదాన్ని. ఆయన మరో మాట అడిగేవారు కాదు.

నెలకొక కార్డు. నేను షెడ్డు ముందు నిలబడితే, తెల్లటి దుమ్ములోంచి కనుబొమ్మలు కూడా తెల్లబడిన మనిషి ఒకసారి చూసి, "మళ్లా పిట్టనా? ఆడ పెట్టిపో పాపా," అనేవాడు. మీటరు బోర్డు కింద చెక్క మీద పెట్టేదాన్ని. వెనకటి నెల కార్డు మీద వేలితో రాస్తే అక్షరం పడేంత దుమ్ము ఉండేది.

తొమ్మిదో నెలలో నేను చేయకూడని పని చేశాను. ఆ కార్డుకు ఇంట్లోనే కూర్చుని కన్ను పెట్టాను. చూసే పిట్ట అయితే ఆ కొడుకు కూడా దాన్ని ఒకసారి చూస్తాడనుకున్నాను. నోటితో చెప్పలేనివి ఇలా చేయడం నాకున్న జబ్బు.

ఆ రోజు ఆయన కార్డును చెక్క మీద పెట్టమనలేదు. చేతులు లుంగీకి తుడుచుకుని తీసుకున్నాడు. మిషను ఆపి వెలుతురులోకి వచ్చాడు.

"ఇది మా నాయన చెయ్యి కాదు."

వేలితో పిట్ట తల చూపించాడు.

"ఎవురు పెట్టినారు కన్ను?"

"నేనే అన్నా."

"నాయన పెట్టమన్నాడా?"

"లేదు."

కార్డును దూరంగా పట్టుకుని చూశాడు. "కంటిపాప కింద రవ్వంత తెలుపు ఇడవల్ల. అంతా నలుపు పూస్తే సచ్చిన పిట్ట అయితాది." కార్డు నాకు తిరిగి ఇవ్వబోయి, ఇవ్వలేదు. "ఆయాసం ఎట్లుంది ఆయనకు?"

నా జన్మలో ఒక పరాయి మనిషితో అంతసేపు మాట్లాడలేదు. మా గేటు దాకా కూడా నడవలేకపోతున్నారని, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నారని, బొమ్మలో పెద్ద ఆకాశం ఉంటే నన్నే వేయమంటున్నారని చెప్పాను. ప్రతి వారం మిషను గురించి అడుగుతారని కూడా చెప్పాను. ఆయన విని, మిషను వైపు వెళ్లిపోయాడు.

సాయంత్రం తాత దగ్గరికి వెళ్లి చేసిన తప్పు చెప్పాను. తిడతారనుకున్నాను. పాత కాగితం ముక్క నా ముందుకు తోశారు. "ఎట్ల పెట్టినావో పెట్టి సూపీ." పెట్టాను. చూసి, పెదవి విరిచారు.

"వాడేమన్నాడు?"

"కంటిపాప కింద తెలుపు విడవాలన్నాడు. లేకుంటే చచ్చిన పిట్ట అవుతుందన్నాడు."

తాత కుంచెను గ్లాసులో పెట్టి చాలాసేపు తిప్పారు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"పదేండ్లప్పుడు చెప్పినా వానికి," అన్నారు. "గ్యాపకం ఉండాది."

పది రోజులకు కొడుకు నంద్యాలకు వచ్చాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చాడు. నేనొకసారి అక్కడే ఉన్నాను. ఇద్దరూ కడప నుంచి వచ్చిన ఒక నంది ఆర్డరు గురించి, రాయిలో కనిపించిన చార గురించి మాట్లాడుకున్నారు. మధ్యలో కొడుకు దగ్గాడు. తాత విన్నారు. నీళ్ల మాట ఎత్తలేదు. కొడుకు వెళ్లాక ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఒకసారి చెప్పినా. మళ్లా చెప్తే రావడం మానుకుంటాడు. రానీ."

అలా చెప్పకుండానే వెళ్లిపోయారు. అంత్యక్రియలకు ఆళ్లగడ్డకే తీసుకుపోయారు. పెద్దకర్మ పత్రికలు ప్రెస్సులో వేయిద్దామని బంధువులు అంటే, కొడుకు వద్దన్నాడు. నలభై కార్డులు నన్ను చేయమన్నాడు. ఊదిన కొమ్మ మాత్రం వేశాను. పిట్టను వేయలేదు. మడత గీతకు అక్క ఆ ఉలి ఇచ్చింది. ఆయన చేత్తో పడినంత తిన్నగా నా చేత్తో పడలేదు. నాలుగైదు కార్డులు పక్కకు వాలాయి. అవి కూడా పంచారు.

రేకు డబ్బాలో ఇంకా ఇరవై మూడు పిట్టలున్నాయి. ఎవరికని చెప్పి అడిగినవాళ్లకు నేనే కన్ను పెట్టి ఇస్తున్నాను. మూడు ఇచ్చాను. అందులో ఒకటి బాగా కుదిరింది.

సెలవు అయ్యాక మొన్న గురువారం స్కూలుకు వెళ్తూ షెడ్డు దగ్గర ఆగాను. మిషను చప్పుడు ఎప్పటిలా లేదు, గరగరమంటోంది. పైన దూలానికి ఇరవై లీటర్ల క్యాను కట్టి ఉంది. దానికి ఆసుపత్రిలో సెలైను ఎక్కించే గొట్టం బిగించి ఉంది. నీళ్లు సన్నగా రంపం మీద పడుతున్నాయి. దుమ్ము లేవడం లేదు. బూడిదరంగు నీళ్లు నేల మీద పాకి, గడప దాటి రోడ్డు అంచున ఇంకుతున్నాయి. తాత కొడుకు కనుబొమ్మలు నల్లగా ఉన్నాయి. నేను వాటిని అంతకు ముందు చూడలేదు.

"దీంతో పని సగమే అయితాంది పాపా," అన్నాడు, మిషను ఆపకుండానే. "క్యాను గంటకొకసారి నింపల్ల."

ఆ షెడ్డులో కుళాయి లేదు. రోడ్డు దాటి, సందు చివర బోరు దగ్గర్నుంచి బిందెలతో మోసుకు రావాలి.