సొప్పే తింటాండాము

మొన్న డాక్టరు నా ఒంట్లో రక్తం తక్కువగా ఉందని, రోజూ ఆకుకూరలు తినమని చీటీ మీద రాసిస్తే, సాయంత్రం మనవరాలి చెయ్యి పట్టుకుని హిందూపురం మార్కెట్టుకు వెళ్లాను. రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చున్న ఒకావిడ సొప్పు, తాజా సొప్పు అని కేకేస్తోంది. ఎనభై దాటాక ఎన్ని మాటలు మరిచిపోయానో నాకే తెలియదు గానీ, ఆ ఒక్క మాట చెవిన పడితే మాత్రం ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఎందుకో చెప్తాను, తప్పో ఒప్పో మీరే తేల్చండి, నా వల్ల కాలేదు.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు, ఎక్కడైనా ఒక్క పోగు తప్పిందని కనబడితే నేసినంత మేరా విప్పి మళ్లీ నేస్తే తప్ప అన్నం ముట్టేవాడు కాదు, ఆ పిచ్చి నాకూ అబ్బింది. అరవైల మొదట్లో గ్రామసేవిక ఉద్యోగం వచ్చి, గుడిబండ దగ్గర ఒక పల్లెకు వేశారు. ఏ తిండిలో ఏ బలం ఉంటుందో ట్రైనింగులో నేర్చుకున్నదంతా బుర్రలో కూరుకుని, చంకన రిజిస్టరు పెట్టుకుని, లోకాన్ని ఉద్ధరించేదాన్ని నేనేనన్నట్టు ఇల్లిల్లూ తిరిగాను.

మొదట వెళ్లింది ఒక అవ్వ ఇంటికి. కూతురు పురిటిలో పోతే మిగిలిన మనవరాలిని ఆమే సాకుతోంది. పిల్లకు మూడేళ్లు నిండినా నడక రాలేదు, పుల్లల్లాంటి కాళ్లు చాపుకుని అరుగు మీద కూర్చుని ఉండేది. ఏం తింటున్నారని అడిగితే అవ్వ నిట్టూర్చి, "ఏముండాది అమ్మణ్ణీ, వానల్లేవు, సొప్పే తింటాండాము" అంది. మా వైపు సొప్ప అంటే జొన్న కోసుకున్నాక మిగిలే దంటు, ఎద్దులకు వేసే మేత. మనుషులు మేత తింటున్నారా అని మళ్లీ అడగడానికి కూడా నోరు రాక, ఏడుస్తూ వెళ్లి ఈ ఊళ్లో పశువుల మేత తిని బతుకుతున్నారని రిపోర్టు రాసేశాను.

అది చదివి పెనుకొండ నుంచి మా ఆఫీసరు జీపులో పాలపొడి డబ్బాలు పంపించారు. రోజూ పొద్దున్నే బడి వసారాలో పాలు కలిపి పిల్లలకు పోసేదాన్ని. అవ్వ మనవరాలు సత్తు గ్లాసు రెండు చేతులా పట్టుకుని, అడుగున ఉన్న చుక్క కూడా వేలితో నాకేది. రెండు నెలలు తిరగకుండానే వసారా స్తంభం పట్టుకుని లేచి నిలబడింది. నా సంతోషం ఏమని చెప్పను, ఆ పూట నేను నేల మీద లేను.

ఆ సంతోషంలోనే అవ్వ నన్ను తినిపోమని కూర్చోబెట్టింది. వేడి సంగటి ముద్ద, పక్కన గురుగాకూ చెంచలాకూ కలిపి ఉడకబెట్టి మెత్తగా ఎనిపిన కూర. ఇదేమిటవ్వా అంటే, ఇదే సొప్పు అంది. కన్నడం కలిసిన ఆ ఊరి మాటలో సొప్పు అంటే ఆకుకూరట! సొప్పే అని ఒత్తి పలికేసరికి మా సొప్పా వాళ్ల సొప్పూ ఒకటైపోయి, నా చేత అబద్ధం రాయించాయి. విషయం చెప్తే అవ్వ పడీ పడీ నవ్వింది, తర్వాత నవ్వు ఆపి, "రాసింది అట్లే ఉండనీ తల్లీ, పాలు వస్తాండాయి గదా. పప్పు లేక ఉత్త సొప్పు తినేది కరువు గాదా?" అంది.

కరువే. కానీ అప్పుడు నాకు ఇరవై ఏళ్లు, కళ్ల ముందు నాయన మగ్గం, తప్పిన పోగు. మూడు రోజులు అన్నం సయించక, చివరికి పొరపాటు పడ్డానని, వీళ్లు తినేది ఆకుకూరలని సరిచేసి రాసి పంపాను. ఆఫీసరు మందలించలేదు సరికదా, ఆకుకూరలు తినే ఆదర్శ గ్రామమని మెచ్చుకున్నారు. పాలపొడి మాత్రం ఇంతకంటే అవసరమున్న ఇంకో ఊరికి మళ్లించారు. నన్ను కొన్నాళ్లకే బత్తలపల్లి వైపు మార్చారు. బయల్దేరిన రోజు అవ్వ దారికి సంగటీ సొప్పూ మూటగట్టి ఇచ్చింది. పిల్ల అరుగు మీద ఖాళీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది. లేస్తుందేమోనని బస్సు వచ్చేదాకా చూశాను, లేవలేదు.

మళ్లీ ఆ ఊరికి పోలేదు. ధైర్యం చాలలేదనే చెప్పాలి. ఇప్పుడు అంగన్‌వాడీలున్నాయి, పిల్లలకు గుడ్లూ పాలూ ఇస్తున్నారు, ఏ గ్రామసేవికా ఒక మాట విని కంగారుపడాల్సిన పని లేదు. ఆనాడు అవ్వ కరువు తిండన్న సొప్పును ఈనాడు డాక్టర్లు మందుచీటీల మీద రాస్తున్నారు. నేను చేసింది న్యాయమా, నా మనసు కడుక్కోవడానికి ఒక పసిదాని నోటి ముందరి గ్లాసు లాగేశానా, అరవై ఏళ్లుగా అటూ ఇటూ ఊగుతూనే ఉన్నాను. ఆ పిల్ల ఉంటే ఇప్పుడు అరవై దాటి ఉంటుంది. మార్కెట్టులో సొప్పు అమ్మే ఆవిడకూ దాదాపు అంతే వయసు. కట్ట అందించడానికి ఆవిడ లేచి నిలబడితే, నేను ముందు చూసింది ఆవిడ కాళ్లను.