నల్లరేగడిలో టవర్

దూరదేశాల వాళ్లతో ఇంటినుంచే మాట్లాడుకునే అమెచ్యూర్ రేడియోకు లైసెన్సు వచ్చాక చాలాకాలం మేడ మీద వెదురుబొంగుకు కట్టిన తీగతోనే సరిపెట్టుకున్నాను. దానికి దూరపు గొంతులు అందేవి కావు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మార్టూరు దగ్గర మా పెరట్లో టవర్ నిలబెడదామని పట్టుబట్టాను.

నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. మా ఆయన గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజరు. ఏ రకం టవరైతే బాగుంటుందో ఇద్దరం తెగ ఆలోచించాం. ఏ ఆధారం లేకుండా నిలబడేదానికి వెడల్పాటి కాంక్రీటు పునాది కావాలి. అంత చోటు లేదు. చివరికి మూడు వైపులా స్టే వైర్లతో లాగి కట్టే సన్నటి ఇనుప టవర్ చేయించాం. వీధి వైపు కరెంటు తీగలున్నాయని పెరటి చివర, మిరపచేను గట్టు పక్కన నిలబెట్టాం. వైర్ల కోసం లావుపాటి ఇనుప మేకులు భూమిలోకి దిగ్గొట్టాం. ఎండకు నల్లరేగడి బండలా ఉంది. సమ్మెటతో కొట్టీ కొట్టీ చేతులు తిమ్మిరెక్కాయి. ఇంక ఇది కదలదు అనుకున్నాం.

నాలుగు రోజులాగి, యాంటెన్నా బిగించడానికి నేనే ఎక్కాను. మా ఆయనకు ఎత్తంటే కళ్లు తిరుగుతాయి. చుడీదార్ చున్నీ నడుముకు బిగించి, తోలు బెల్టుతో టవర్‌కు నన్ను నేను కట్టుకుని, బోల్టులు తిప్పుతున్నాను. తూర్పు గాలి విసురుగా వచ్చింది. టవర్ చిన్నగా ఊగింది. అది మామూలే. కానీ ఊగిన టవర్ మళ్లీ నిటారుగా రాలేదు.

కిందికి చూశాను. చేను వైపు మేకు మట్టిలోంచి పైకి లేస్తోంది. ముందురోజు ఆ చేనుకు పెట్టిన నీళ్లు గట్టు కింద నుంచి ఊరి, మేకు చుట్టూ మట్టిని బురద చేశాయి. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

"ఏవండీ, ఒరుగుతోంది!" అని అరిచాను.

"కదలకు! నువ్వసలు కదలకు!" అంటూ ఆయన ఉరికి, ఆ మేకు వైరు పట్టుకుని వెనక్కి వాలారు. కాళ్లు బురదలో జారుతున్నాయి. చేలో మిరపకాయలు కోస్తున్న ఆడవాళ్ల వైపు తిరిగి, "అమ్మా, రండమ్మా, పట్టుకోండి!" అని కేకేశారు.

వాళ్లు గోతాలు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. "టీచరమ్మ పైనుందే! గట్టిగా పట్టండే, వదిలితే మనిషి పోద్ది!" అంది వాళ్లలో పెద్దామె.

వాళ్లంతా పట్టాక టవర్ ఆగింది. దిగాలంటే బెల్టు విప్పాలి. విప్పితే ఈ చేతులే నాకు దిక్కు. విప్పకపోతే టవర్‌తోపాటు నేనూ నేలకు కొట్టుకుంటాను. బకిల్ ఎంతకీ ఊడి రాదు. వేళ్లకు పట్టు లేదు. కింద పెద్దామె "యేసయ్యా, కాపాడు తండ్రీ" అని బిగ్గరగా ప్రార్థన మొదలుపెట్టింది. ఆ గొంతు మీదే ధ్యాస పెట్టి బెల్టు ఊడదీశాను. ఒక్కో మెట్టుకూ కాలు దించుతుంటే ఇనుము కిర్రుమంటోంది. ఆ చప్పుడైనప్పుడల్లా ఆగి, మళ్లీ కాలు దించేదాన్ని.

నేల తగలగానే కూలబడ్డాను. ఆయన వైరును పెరటి రాతిస్తంభానికి కట్టేదాకా వాళ్లు వదల్లేదు. వైరుకు వాళ్ల అరచేతులు కోసుకుపోయాయి. ఆ కోతల్లో మిరప కారం. నేను ఏడుస్తూ వాళ్ల చేతుల మీద నీళ్లు పోశాను.

"మంట మాకు అలవాటేలే టీచరమ్మా. నీ మొహంలో నెత్తురుచుక్క లేదు. ముందు నువ్వు తాగు ఆ నీళ్లు," అంది పెద్దామె.

"తీసేద్దాం. రేడియో లేకపోతే బతకలేమా?" అన్నారు మా ఆయన ఆ సాయంత్రం. మర్నాడే టవర్ దించి పెరట్లో పడుకోబెట్టాం. నెలలపాటు మేడ మీదికి కూడా వెళ్లలేకపోయాను.

వానలు వెళ్లాక ఆయనే మళ్లీ ఆ మాట కదిలించారు. టవర్‌ను సగానికి కోయించి, లోతైన గుంతల్లో గ్రానైట్ తుక్కు పలకలు పూడ్చి, వాటికి వైర్లు బిగించారు. పైకి ఎక్కే పని వెల్డర్‌కు అప్పజెప్పాం.

మొదటిసారి శ్రీలంక నుంచి ఒకాయన గొంతు స్పష్టంగా వినిపించింది. బదులు చెబుతుండగా బయట గాలి లేచింది. "ఒక్క నిమిషం" అని పెరట్లోకి పరుగెత్తి, మూడు వైర్లూ లాగి చూసొచ్చాను. గట్టిగానే ఉన్నాయి. అయినా ఆ శ్రీలంక ఆయన ప్రశ్నకు జవాబు చెబుతున్నంతసేపూ కిటికీలోంచి టవర్‌నే చూస్తున్నాను.