నేను కాల్చిన నవ్వుల పుస్తకాలు

అప్పుడు నాకు పదకొండేళ్లు, మా చెల్లెలు కరుణకు ఎనిమిది... గోదావరి పక్కన మా ఊళ్లో, మిషన్ ఆసుపత్రి కాంపౌండులో నాన్న వాచ్‌మన్. ఆయనకిచ్చిన ఒంటిగదిలో గోనెపట్టా మీద బోర్లా పడుకుని బొమ్మల పుస్తకాలు చదివేవాళ్లం. చదవడమంటే... ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అవి ఇంగ్లండు పిల్లల నవ్వుల పుస్తకాలు!

ఆసుపత్రికి అక్కడి నుంచి పాత బట్టలు, మందులు పార్సిళ్లలో వచ్చేవి. సీసాలు పగలకుండా మధ్యమధ్య ఈ పుస్తకాలు కుక్కేవారు. నర్సమ్మగారు ముడతలు సాపుచేసి కరుణకు ఇచ్చేవారు. గరుకు కాగితం... వేలికి అంటుకునే ఎరుపు, నలుపు రంగులు... గోడలు దూకే పిల్లలు, బెత్తం పట్టుకుని తరిమే పంతుళ్లు, పోలీసు పంట్లాం పట్టుకుని వేలాడే కుక్కలు.

బొమ్మలకు కరుణ తెలుగులో కథలు అల్లేది. కాంపౌండు పిల్లలంతా చుట్టూ చేరేవాళ్లు. చాలా కథల చివర విందు ఉండేది. పళ్లెంలో తెల్లటి కుప్ప, దాంట్లో నిలువుగా గుచ్చిన గోధుమరంగు కాడలు. "అన్నంలో ములక్కాడలు!" అని కరుణ తేల్చేసింది. దొరలు ములక్కాడలు నిలబెట్టి తింటారని మేమంతా నమ్మేశాం.

ఆ వేసవిలో ఊళ్లో ఉజ్జీవ కూటాలు, అంటే భక్తిని రగిలించే క్రైస్తవ సభలు, పెట్టారు. ఆఖరిరోజు మంట వేసి, లోకసంబంధమైనవి తెచ్చి అందులో పడేయమన్నారు. పెద్దలు బీడీకట్టలు తెచ్చారు, పేకముక్కలు తెచ్చారు, తాయెత్తులు తెంపి తెచ్చారు. నా దగ్గర మాత్రం ఏమీ లేదు. అంతమందిలో ఖాళీ చేతులతో నిలబడటం నామోషీ అనిపించింది...

ఇంటికి పరుగెత్తాను. కరుణ ట్రంకుపెట్టె తెరిచాను. ఆ బొమ్మల పుస్తకాల్లో ఒక్కటి కూడా మిగల్చలేదు.

ప్రసంగీకుడు నా తలమీద చెయ్యి పెట్టి దీవించాడు. కరుణ ఏడవలేదు. తర్వాత పిల్లలు కథ చెప్పమంటే "బొమ్మల్లేవుగా" అనేది. అంతే... మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు నేను దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. సెలవురోజు షార్జా రోలాలో ఒక ఫ్లాట్‌లో జరిగే కూటంలో బైబిలు వాక్యం చెబుతాను. బైబిలు కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను. ఉన్నదల్లా గొంతు, నమ్మకం. దేవుడు నన్నెలా మార్చాడో చెప్పుకునే నా సాక్ష్యం ఆ మంటే. "నా పుస్తకాలు నా చేతులతో అగ్నిలో వేశాను!" అని గర్జిస్తే గది అంతా హల్లెలూయ అనేది. దుబాయ్‌లో ఒక ఇంట్లో వంట చేసే కరుణ కూడా, సెలవు దొరికినప్పుడల్లా వచ్చి మూడో వరుసలో కూర్చుని వినేది. ఏళ్ల తరబడి... నోరు మెదపకుండా.

పోయిన చలికాలం కూటానికి ఒక బీరువా కావాలని అజ్మాన్‌లో పాత సామాన్ల దుకాణానికి వెళ్లాను. అరలు తెరిస్తే... అవే పుస్తకాలు! కొట్లో పనిచేసే నిజామాబాద్ తమ్ముడు నవ్వాడు.

"గవి చెత్త కాయితాలన్నా. విల్లా ఖాళీ జేసిన తెల్లదొరవి. నువ్వే తీస్కపో, ఈడ జాగ ఖలాస్."

అక్కడే పాత ఫ్రిజ్ మీద కూర్చుండిపోయాను. ఆ దొర ఇంతకాలం ఇవి ఎందుకు దాచుకున్నట్టు? చిన్నప్పుడు మావి ఎవరు పంపితే మా ఊరు చేరినట్టు? ఒక అట్ట మీద ఎవరో పిల్లాడు పెన్సిల్‌తో పేరు రాసుకున్నాడు. మా మంటలో ఎంతమంది పిల్లల పేర్లు కాలిపోయాయో... ఆ రోజు నుంచి పాత సామాన్ల కొట్లన్నీ వెతుకుతూనే ఉన్నాను. తప్పిపోయిన గొర్రె కోసం వెళ్లిన కాపరి మీద ఎన్ని ప్రసంగాలు చేశానో! తగలబెట్టినవాడే వెతుక్కోవడం గురించి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

విందు ఉన్న పేజీ ఫొటో తీసి కరుణకు పంపాను. వెంటనే వాయిస్ మెసేజ్... నవ్వు ఆగడం లేదు.

"ఓరన్నయ్యో! అది అన్నం కాదు, మెదిపిన బంగాళాదుంప. గుచ్చినియ్యి సాసేజీలు, మాంసం కూరిన గొట్టాలు! మా మేడమ్ పిల్లలకి వారం వారం నేనే చేసిపెడతాను గదా!"

కాసేపాగి ఇంకొకటి. ఈసారి నవ్వు లేదు.

"ఇంతకీ ఇయ్యెందుకు తెచ్చుకున్నావు? నీ సాక్ష్యానికి కాల్చిన పుస్తకాలేమన్నా తక్కువయ్యాయా?"

ఆ మాట ఫోన్లో పదిసార్లు విన్నాను.

తర్వాతి కూటంలో లేచి నిలబడ్డాను. "ఆ పుస్తకాలు నావి కావు. నా చెల్లెలు కరుణవి. కాల్చడానికి నా దగ్గర ఏమీ లేక, ఆమెవి దొంగిలించి కాల్చాను. ఇన్నేళ్లూ మీకు అబద్ధం చెప్పాను" అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. ముందు వరుసలోని రాజోలు పెద్దాయన మెల్లగా, "ఇయ్యన్నీ నలుగుర్లో ఎందుకండీ బ్రదర్?" అన్నాడు. నలుగురిలో చెప్పిన అబద్ధాన్ని చాటుగా ఎలా దిద్దుకోవాలి?

కూటం అయ్యాక పుస్తకాలు మూడో వరుసలో ఉన్న కరుణ ఒళ్లో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని, వేలు ఆనించి, ఒక పేజీ ఇంగ్లీషులోనే చదివింది. ఆ ఇంట్లో పిల్లల పక్కన కూర్చుని నేర్చుకుందట!

"అసలు కథ ఇదా? నేను చెప్పిందే బాగుంది" అంది.

"ఒకటి ఇవ్వవే, రూముకి తీసుకెళ్లి చూసుకుంటాను."

"నీ చేతికివ్వను. చూడాలంటే ఇక్కడే కూర్చుని చూడు" అంటూ పుస్తకం తన వైపుకు లాక్కుంది.

కూర్చున్నాను. తనే పేజీ తిప్పింది...

ఇప్పటి పిల్లలకు ప్రతి బొమ్మా మాట్లాడుతుంది, పాడుతుంది. మాట తెలియక సొంత కథ అల్లుకునే ఖాళీ ఎక్కడా మిగల్లేదు. మీరు అలా అల్లుకున్న కథ ఏదైనా ఉంటే కింద రాయండి. ఎవరి పుస్తకమైనా మీరు పాడుచేసి ఉంటే అదీ రాయండి... అది ఎవరిదో, వాళ్ల పేరు పెట్టి రాయండి.