ఐస్‌క్రీం పుల్లల అప్ప

నోటి కేన్సర్ ఆపరేషనై అనకాపల్లిలో మా ఇంట్లో పడున్న రోజుల్లో, నేనొక ఆడమనిషి వేలు ఎముక కనపడేలా కొరికేశాను.

ఆస్పత్రిలో పరిచయమైన ఆమె, నాకోసం రోజూ మాకవరపాలెం నుంచి బస్సులో వచ్చేది. అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చీ కాల్చీ, నాకంటే ముందే అదే ఆపరేషన్ చేయించుకుంది. నోరు సాగడానికి ఆస్పత్రివాళ్లు చెప్పినట్టు నా పళ్ల మధ్య ఐస్‌క్రీం పుల్లలు దోపి, రోజుకొకటి పెంచేది. "అప్పా, సచ్చిపోతాను" అని దండం పెట్టినా ఆగేది కాదు.

"నొప్పని నేను నోరు తెరవనేదు తమ్ముడూ. దవడ బిగిసిపోనాది. ఇప్పుడు వేలు కూడా దూరదు, గంజే నా బతుకు. నీకూ అదే కావాలేటి?"

తొమ్మిదో పుల్లకు నోరంతా రక్తమైంది. ఆమె వేలు కొరికి, ఒక్క తోపు తోశాను. గోడకు కొట్టుకుని కూలబడింది. మరుక్షణం లేచి, బాగున్న చెంప మీద ఫెడీమని కొట్టింది. నేను అరవడానికి నోరు తెరవగానే పుల్ల దిగిపోయింది.

నిజం చెప్పాలి. ఎముకా లేదు, ఏమీ లేదు, పంటి గాట్లు పడ్డాయంతే. కానీ ఇవాళ ముద్దన్నం తింటున్నానంటే అది ఆమె కొట్టిన దెబ్బ చలవే.

ఇంతవరకూ రాసింది చదివి మా ఆవిడ కాగితం నా మీదికి విసిరికొట్టింది.

"ఆయమ్మ నిన్నెప్పుడు కొట్టింది? నువ్వు తోసేత్తే లెగనేక ఏడుత్తా కూకుంది. కొట్టింది నేను. పుల్ల దోపిందీ నేనే."